ఒక్కపొద్దు డబ్బా

గల్ఫ్‌లో, అల్ మవాలేలో కండలు పెంచే పొడులమ్మే దుకాణంలో నాలుగేళ్లు పనిచేశాను. గోడల నిండా చొక్కాలు లేని మగాళ్ల బొమ్మలు. జిమ్‌కు పోయే కుర్రాళ్లు వచ్చి కండల కోసం అమైనో పొడి డబ్బాలు పట్టుకుపోయేవారు. పప్పు, గుడ్లు కడుపునిండా తినేవాడికి ఆ పొడి వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. అయినా నోరు మూసుకుని అమ్మాను.

ఒకరోజు మా జగిత్యాల వైపు ఒకాయన వచ్చాడు. నలభై ఐదు దాటి ఉంటాయి. దగ్గర్లోని సైట్‌లో సిమెంటు ఇటుకలు మోసే పని. మునుపటిలా మోయలేకపోతున్నాడట. ఇలాగే ఉంటే ఇంటికి పంపిస్తానని ఫోర్‌మన్ చెప్పేశాడట. బలం రావడానికి తాకత్ మందు కావాలన్నాడు. మా ఊళ్లలో నీరసమొస్తే ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించుకుని మర్నాడు పనికి పోతారు. అమైనో డబ్బా చూపిస్తే, ఇది తాగే గ్లూకోజ్ అనుకున్నాడు పాపం. కాదని చెప్పాల్సింది, చెప్పలేదు.

సోమవారం, శనివారం ఒక్కపొద్దుంటాడట. నీళ్లలో కలిపి తాగితే ఒక్కపొద్దు చెడుతుందా అని అడిగాడు. దేవుడి సంగతి నాకేం తెలుసు? చెడదని చెప్పి డబ్బా అమ్మాను.

అంతకుముందు ఆ రెండు రోజులూ పగలు పాలు, అరటిపళ్లు తీసుకునేవాడు. డబ్బా వచ్చాక అవీ మానేశాడు. మందు ఉందిగా అనే ధీమా. పొద్దంతా ఆ పొడి నీళ్ల మీదే ఇటుకలు మోశాడు. రెండో నెలలో ఒక శనివారం, మూడో అంతస్తు మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాడు. కంపెనీ వీసా క్యాన్సిల్ చేసింది.

ఊరికి వెళ్లేముందు దుకాణానికి వచ్చి ఇదంతా తనే చెప్పాడు. ఆస్పత్రి కాగితం ఇచ్చి ఏం రాశారో చదవమన్నాడు. తిండి చాలక పడిపోయాడని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. చదివాను. "నీరసమని రాశారు అన్నా," అన్నాను.

ఆయన తలూపాడు. నా మీద కోపం లేదు, అనుమానమైనా లేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

"మందు మంచిదే తమ్మీ. నా పెయ్యికే పట్టలే," అన్నాడు తన ఒంటిని చూపిస్తూ.

"కాదు అన్నా, తప్పు నాది" అనాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కౌంటర్ దగ్గర ఇంకెవరో డబ్బా పట్టుకుని నిలబడ్డారు.

ఆరోగ్యం జాగ్రత్త అన్నాను.