ఇద్దరు సుబ్బరాజులు, ఒక సర్వర్

2024 వేసవి. కలిదిండి దగ్గర పద్మావతి గారి నీటి పరీక్షల ల్యాబ్. చేపల, రొయ్యల రైతులు చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకుని పొద్దున్నే అక్కడికి వస్తారు. ఆరేళ్ల రిపోర్టులన్నీ ఒక ఆన్‌లైన్ సర్వీసులో ఉండేవి. దాన్ని మూసేస్తున్నామని, శుక్రవారం సాయంత్రం ఆరు తర్వాత ఏదీ తెరుచుకోదని ఆ కంపెనీ మెయిల్ పెట్టింది. ఏలూరులో కంప్యూటర్ల పని చేసే నన్ను ఆవిడ పిలిపించారు. ఇకమీదట రికార్డులు తన ల్యాబ్‌లోనే ఉండాలన్నారు.

దీన్ని మా పనిలో సెల్ఫ్ హోస్టింగ్ అంటాం. సాఫ్ట్‌వేర్‌నీ డేటానీ సొంత సర్వర్ మీద నడుపుకోవడమన్నమాట. అందుకు పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు వెతికి, చివరికి రెండింటి దగ్గర ఆగాను. ఒకటి చూడముచ్చటగా ఉంది. రెండోది పాతకాలపు ఫారంలా బోసిగా ఉంది. గడువు తరుముతోంది. అందమైనదే ఎంచుకుని గురువారం రికార్డులన్నీ ఎక్కించాను. రిపోర్టుల సంఖ్య సరిపోయింది. నిశ్చింతగా ఊపిరి తీసుకున్నాను.

శుక్రవారం పదకొండింటికి సుబ్బరాజు గారనే రైతు వచ్చారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. తెల్లవారి చూసేసరికి రొయ్యలు గట్టువారకు చేరి నీరసంగా తేలుతున్నాయట. పద్మావతి గారు నీళ్లు పరీక్షించారు. అమ్మోనియా ఎక్కువగా ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో పాత రిపోర్టులు తీస్తే పోయిన వారం దాకా అంతా మామూలే. ఒక్క వారంలోనే ఇంత పెరిగిందంటే జబ్బు తగిలి రొయ్యలు చచ్చి కుళ్లుతున్నాయేమోనని మందు రాయబోయి, ఆవిడ పెన్ను ఆపేశారు.

“ఏవండీ రఫీ గారూ, ఈయనవి రొయ్యలండీ. ఇందులో బొచ్చె చేపలని ఉందేంటి?”

ఆ సాఫ్ట్‌వేర్ మనిషిని పేరుతోనే గుర్తుపడుతుంది. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు సుబ్బరాజుల్ని ఒక్కరిగా కలిపేసి, రెండో ఆయన చేపల చెరువు రిపోర్టుల్నే పైన చూపించింది. పాత సర్వీసు ఇంకా నడుస్తోంది కాబట్టి అందులో అసలు రిపోర్టులు తీశాం. ఈయన చెరువులో అమ్మోనియా మూడు వారాలుగా పెరుగుతూనే ఉంది.

“మందు వద్దండీ. మేత ఆపేసి నీళ్లు మార్చండి. ఏరేటర్లు ఆపొద్దు, నీళ్లకి గాలి ఆడాలి,” అన్నారావిడ.

“దక్కుతాయాండీ?”

“చూద్దామండీ. ముందు మీరు బయల్దేరండి.”

ఆయన వెళ్లాక, తప్పు నాదేనని, బోసిగా ఉందని రెండో సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించకుండానే వదిలేశానని ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు.

“రెండోదాంట్లో ఇద్దరు సుబ్బరాజులూ ఇద్దరుగానే ఉంటారా అండీ?”

పెట్టి చూసి చెబుతానన్నాను. ముందు పాత సర్వీసులోని డేటానంతా విడిగా ఒక డిస్కులోకి దించాను. తర్వాత బోసిగా ఉన్న సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. అది ప్రతి చెరువుకీ ఒక నంబరు ఇచ్చింది. ఆవిడ పక్కన కూర్చుని, ఒకే పేరున్న రైతులందరినీ గుర్తుచేసుకుని చెబుతుంటే, ఒక్కొక్కరి రిపోర్టులూ పాతవాటితో పోల్చి చూశాం. భోజనం మాటే ఎత్తలేదు. ఆఖరి పేరు సరిచూసేసరికి ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఆరింటికి పాత సర్వీసు మూతపడింది.

సుబ్బరాజు గారికి కొంత సరుకు పోయింది. మిగతా చెరువు నిలబడింది.

ఎక్కడికి వెళ్లినా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు, అక్కడ అన్నిటికంటే చిక్కుగా ఉన్న రికార్డులు అడిగి తీసుకుని వాటితోనే పరీక్షిస్తాను. ఆ రికార్డులతో రోజూ పనిచేసే మనిషి పక్కన కూర్చుని, కళ్లారా చూసి సరే అనేదాకా పాతదాన్ని వదలను.