ముత్యాల్లాంటి అక్షరాలు, మాడిన సాంబారన్నం

ఆ రోజుల్లో తమిళనాడులోని మా గుడియాత్తం మొత్తానికి నేనే తెలివైనదాన్ని అనుకునేదాన్ని. కాట్పాడిలో డిగ్రీ పూర్తిచేసి అప్పుడే ఇంటికి వచ్చాను. పైగా అవ్వ దగ్గర కూర్చుని తెలుగు రాయడం, చదవడం కూడా నేర్చుకున్నాను. అందుకే మా చర్చి అయ్యగారు పిలిచి, "వేలూరు ఆసుపత్రికి ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లు అరవం రాక అల్లాడతా ఉండారు పాపా. శనివారాల్లో మనోళ్లు సాయం చేసేటట్టు ఏమన్నా చెయ్యి" అన్నప్పుడు, అడగడం ఇంత ఆలస్యమైందేమా అనుకున్నాను. వారం కష్టపడి పెద్ద చార్టు రాశాను. అందులో మూడు గళ్లు: వంట, పాటలు, రోగుల వాళ్లకు తోడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి (ఇది నా మాటే, ఇంకెవరూ అనలేదు). ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని గోడకు అంటించి, ఇష్టమైన పని కింద పేరు రాయమన్నాను. అందరూ వచ్చి శ్రద్ధగా చూశారు, తలలు ఊపారు, అరవంలో పేర్లు రాసి వెళ్లారు. ఒక్కరూ ఒక్క సందేహం అడగలేదు. ఎంత వివరంగా రాశానో అని మురిసిపోయాను. మా వాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో చదివింది అరవమేనన్న సంగతి, అదే బడిలో చదివిన నాకు తట్టలేదు.

సాయంత్రం ప్రార్థనలో ఏ పనికి ఎవరి పేరుందో చదివి వినిపించాను. పెళ్లిళ్లకు వందల మందికి వండే పెద్దత్త పేరు రోగుల తోడులో ఉంది. మగ్గం దిగి మంచినీళ్లు కూడా ముంచుకోని మగ్గం మామ పేరు వంటలో ఉంది. కొత్త పని నేర్చుకోవాలనే ఆశ కాబోలు అని మెచ్చుకున్నాను కూడా.

శనివారం పొద్దున పెద్దత్త వేలూరు బస్సెక్కింది. మధ్యాహ్నానికి అక్కడి లాడ్జీల్లో దిగిన రోగుల వాళ్లు నలభై మంది మా సాంబారన్నం కోసం ఎదురుచూస్తారు. పదకొండు గంటలకు మామ గరిటె పట్టుకుని వచ్చి నిజాయితీగా చెప్పాడు: "పాపా, అడుగు మాడి ఉండాది, పైన ఉడకలే. నడిమిది తినొచ్చు."

"వంట రాదని ముందే చెప్పకూడదా మామా?"

"నేను పాటలకని గదా రాసినాను!"

"చార్టు చూసే గదా రాసినావు?"

"చూసినానమ్మా, చదవలే. తెలుగు చదివేది ఈడ ఎవురికొచ్చు? అంత ఆశగా రాసినావు. అడిగితే నొచ్చుకుంటావని అందురూ గమ్మునుండిపోతిమి."

పెద్దత్తకు ఫోన్ చేసి, సాంబారన్నం మాడిందని చెప్పి, వెంటనే వచ్చెయ్యమన్నాను.

"యాడికి వచ్చేది?" అంది పెద్దత్త. "కడప నుంచి వచ్చిన ఆయమ్మ మొగుడు ఆపరేషన్ లోపల ఉండాడు. నా చెయ్యి పట్టుకోని వదల్లే. మాడిన అడుగు కదిలించొద్దు. పైదంతా వేరే గిన్నెలోకి తియ్యి. నీళ్లు కాగబెట్టు, నేను చెప్తాను."

అలా ఆసుపత్రి వరండాలోంచి ఆమె చెబుతుంటే, ఇక్కడ మామా నేనూ వండాం. రెండు గంటలు ఆలస్యంగా అన్నం తీసుకుని నేను వేలూరు చేరాను. ఒక పెద్దాయన రెండు ముద్దలు తిని, "అచ్చం మా ఇంట్లో వండినట్టే ఉంది" అన్నాడు. (ఆ ఇంటి ఇల్లాలిని తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.) కడప ఆవిడ భర్త బాగానే బయటికి వచ్చాడు. తిరుగు బస్సులో పెద్దత్తతో, వచ్చే వారం నుంచి నిన్ను వంటకు మారుస్తానన్నాను. "వద్దు పాపా," అంది ఆమె, "ఇన్నేండ్లలో నా చేతి కూడు తినినోళ్లే గానీ, నా చెయ్యి పట్టుకోని కూర్చున్నోళ్లు ఎవురూ లేరు."

ఆ పని ఇప్పటికీ నేనే చూస్తున్నాను. ఇల్లిల్లూ తిరుగుతాను, వాళ్లిచ్చిన కాఫీ తాగుతాను, ఎవరికి ఏది ఇష్టమో నోటితో అడుగుతాను. అందరినీ అడిగేసరికి నెల పడుతుంది. ఆనాటి ముత్యాల అక్షరాల పిల్లయితే ఒక్క ఆదివారంలో తేల్చేసేది. పాపం, ఎంత హుషారుగా ఉండేదో!