నాన్న నింపే బకెట్

మా నాన్న నన్ను రోజూ అడిగే ప్రశ్న ఒక్కటే. "మకాన్ అయిందా?" తిన్నావా అని. అయింది అంటాను. అక్కడితో మా మాటలు అయిపోతాయి. ఇరవై రెండేళ్ళుగా అది తక్కువని నాకెప్పుడూ అనిపించలేదు. వదిన వచ్చాకే అనిపించింది.

వదిన అంటే మా అమ్మ అన్నయ్య కూతురు. విశాఖపట్నం నుంచి మలేషియా పక్కనున్న మా చిన్న దేశానికి పై చదువుకి వచ్చింది. క్లెమెంటిలో గది దొరికేదాకా జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్‌లోనే, నా గదిలోనే ఉండమంది అమ్మ. వచ్చిన మూడో రోజే నాన్న చేతిలోంచి సగం పేపర్ లాక్కుని, "అదేంటి మావయ్యా, ఇక్కడ ఎవరూ దేనికీ రోడ్డెక్కరా?" అంది.

నాన్న కళ్ళజోడు తీసి ఆమెని చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండనీ అనుకున్నాను.

"రోడ్డెక్కితే ఏటవుద్దమ్మా? బస్సు ఆగిపోద్ది," అని నవ్వాడు.

నాన్న జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో ఆపరేటర్. ఆ రోజు నుంచి డ్యూటీ లేని పొద్దుటిపూటలన్నీ వాళ్ళిద్దరివే అయ్యాయి. ఎన్నికలు ఎప్పుడొచ్చినా ఆయన అధికారంలో ఉన్నవాళ్ళకే వేస్తాడని మాకు తెలుసు. గోడకి క్యాలెండర్ ఉన్నట్టు ఆ నమ్మకమూ మా ఇంట్లో ఉండేది. ఎందుకని ఎవరం అడగలేదు. వదిన అడిగింది. ఆయన బల్ల గుద్ది జవాబిచ్చాడు. మా నాన్నకి బల్ల గుద్దడం వచ్చని నాకు తెలియనే తెలియదు.

"ఇవాళ నాలుగుసార్లు నవ్వాడు, నాతో కాదు," అని డైరీలో రాసుకున్నాను. నువ్వేటంటావు అని నన్నూ ఒక్కసారి అడిగితే చాలనిపించేది. ఒకరోజు పేపర్ రాగానే నా దుప్పటి కింద దాచేశాను. పేపర్ లేకుండానే గంటసేపు వాదించుకున్నారు.

మా బాత్‌రూమ్‌లో ఒక ఎర్ర బకెట్ ఉంటుంది. నాన్న పొద్దున్నే దాన్ని అంచుదాకా నింపుతాడు. మర్నాడు ఆ నీళ్ళతో నేల కడిగి మళ్ళీ నింపుతాడు. నడక వచ్చినప్పటినుంచీ నేను దాని పక్కనుంచి ఒదిగి పోతున్నాను. వదిన రెండో వారంలో కాలు తగిలించుకుని, తడి పాదాలతో హాల్లోకి వచ్చి, "ఎప్పుడు తిప్పినా నీళ్ళొచ్చే ఊళ్ళో ఈ బకెట్ ఏంటి మావయ్యా?" అంది.

ఆయన చెప్పాడు. మలేషియాలో తను పెరిగిన రబ్బరు తోటలో కూలీల ఇళ్ళ వరస మొత్తానికి ఒకటే కుళాయి ఉండేది. దాన్ని తిప్పే పిడి మేస్త్రీ జేబులో ఉండేది. ఆడవాళ్ళ స్నానాలకి అక్కడ ఒక తడిక కట్టించమని మా తాత నలుగురి ముందూ అడిగాడు. మేస్త్రీ పిడి జేబులోనే ఉంచుకున్నాడు. మూడు రోజులు కుళాయి తిప్పలేదు. మూడో రోజు పక్కింటావిడ బిడ్డని చంకనేసుకుని వచ్చి, ఖాళీ బిందె మా నానమ్మ కాళ్ళ దగ్గర విసిరికొట్టింది.

"గొడవ మా అయ్యది, దాహం అందరిదీ," అన్నాడు నాన్న. "ఈ ఫ్లాట్‌కొచ్చి మొదటిసారి కుళాయి తిప్పాను. పిడి ఎవడి జేబులోనూ లేదు. నాకు చాలమ్మా. ఇంకేటి అడగమంటావు?"

వదిన కళ్ళు తుడుచుకుంది. నేను వంటింటి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. జాలి కలగాల్సిన చోట నాకు కుళ్ళు పుట్టింది. ఆ తాత నా తాత. రోజూ నా కాళ్ళకి అడ్డం పడే బకెట్ కథని నిన్నగాక మొన్న వచ్చిన మనిషి పట్టుకుపోయింది. అడిగితే నాకూ చెప్పేవాడేనని తెలియడం ఇంకా మండించింది.

కిందటి నెల నా పేరుమీద మొదటి పోలింగ్ కార్డు వచ్చింది. వదినకి ఇక్కడ ఓటు లేదు. ఆ సంతోషం నా మొహంలో దాగి ఉండదు. కార్డుని అందరికీ కనబడేలా బల్లమీద పెట్టాను. నాన్న దాన్ని పక్కకి జరిపి కాఫీ కప్పు పెట్టుకున్నాడు. "మకాన్ అయిందా?" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆయన బకెట్ నింపుతుంటే బాత్‌రూమ్ తలుపు దగ్గర నిలబడ్డాను.

"నాన్నా, నేను నువ్వు వేసేవాళ్ళకి వెయ్యను."

నీళ్ళు అంచు దాటి పొర్లాయి. చుక్క పారబోయని మనిషి కుళాయి కట్టడం మర్చిపోయాడు.

"ఏటీ? ఎందుకు?"

డైరీలో ఆరు పేజీల కారణాలు ఉన్నాయి. ఏది ముందు చెప్పాలో వెతుక్కున్నాను. ఈలోగా వదిన నా వెనక్కి వచ్చేసింది. "అది ఏమంటోందంటే మావయ్యా..."

"నువ్వాగమ్మా. దాన్ని చెప్పనీ." తడి చెయ్యి అడ్డంపెట్టి, రెండో చేత్తో కుళాయి కట్టాడు.

ఇక నేనే మాట్లాడాలి.

"ఆ పిడి మేస్త్రీ జేబులోనే ఎందుకుండాలని అప్పుడు ఎవరూ అడగలేదా?" అన్నాను.

నాన్న బకెట్ అంచుమీది నీళ్ళు చేత్తో తుడిచాడు.

"మీ తాత అడిగాడు," అన్నాడు. "తడిక కన్నా ముందు అదే అడిగాడు."

ఈ ముక్క నాన్న వదినకి కూడా చెప్పలేదు. ఆమె మొహం చూస్తే తెలిసింది. అది చూడ్డానికే వెనక్కి తిరిగాను.