బాగున్నానన్న తర్వాత

ఇయర్‌ఫోన్లలో ఎవరింటిదో కుక్కర్ కూత వినిపిస్తే ఈనాటికీ నా చెయ్యి మౌస్ మీద ఆగిపోతుంది. ఆరోగ్యం యాప్‌లను జనం తమ ఫోన్లలో ఎలా వాడుతున్నారో వీడియో కాల్‌లో దూరం నుంచి చూసి, ఎక్కడ తడబడుతున్నారో రాసుకోవడం నా పని. గాజులరామారంలో మా ఇంటి గదే నా ఆఫీసు. కొత్తలో ఆ కూతలకు విసుక్కునేదాన్ని. మా పై అధికారి మాధవి మేడం మాత్రం, "ఆగమ్మా, వాళ్ళింటికి మనమే చుట్టాలం. అన్నం ఉడకనీ," అనేవారు. ఆవిడది భీమవరం వైపు, కాపురం తూంకుంటలో. నవ్విస్తూనే నేర్పేవారు, తొందరపడితే మాత్రం తాట తీసేవారు.

ఒకసారి మేడం, నేను ఒకే కాల్‌లో గుండెజబ్బువాళ్ళ యాప్ చూస్తున్నాం. అది రోజూ "ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది. బాగాలేదని నొక్కితే నర్సుకు కబురు వెళ్తుంది. శామీర్‌పేటలో చేపలు పట్టే మల్లయ్యగారు ఏమాత్రం తడుముకోకుండా "బాగున్నాను" నొక్కారు. నేను సంతోషించి ముందుకు పోబోతుంటే మేడం అందుకున్నారు.

"రాత్రి నిద్ర పట్టిందా మల్లయ్యగారూ?"

నేను మాట అందించబోతే, "నోరు మూసుకో తల్లీ," అని మేడం నాకు మెసేజ్ పెట్టారు. కాసేపటికి ఆయనే అన్నారు.

"యాడి నిద్ర మేడం. పండుకుంటే దమ్ము ఆడ్తలేదు. గోడకు ఒరిగి కూసునే ఉంటున్న."

"మరి బాగున్నానని నొక్కారే?"

"అడిగినోళ్ళకు బాగలేనని ఎట్ల జెప్త?"

మేడం పని అక్కడే ఆపేసి, ఆయన భార్యను పిలిపించి, ఇద్దరూ ఆసుపత్రికి బయలుదేరేదాకా ఫోన్ పెట్టలేదు. ఆయన బతికారు. ఆ ప్రశ్నను "రాత్రి పడుకోగలిగారా?" అని మార్పించేదాకా మేడం ఎవర్నీ స్థిమితంగా ఉండనివ్వలేదు. "బాగున్నామనడం మన మర్యాదమ్మా. అసలు సంగతి ఆ తర్వాతే మొదలవుతుంది," అన్నారు నాతో.

ఆవిడ ఉద్యోగం మానేశాక ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాను.

"బాగున్నరా మేడం?"

"నాకేం, దుక్కలా ఉన్నాను."

నేనేమీ అనలేదు. వాళ్ళింట్లో కుక్కర్ ఒక కూత వేసింది, మళ్ళీ ఇంకొకటి వేసింది.

"నేర్పినదాని మీదే చూపిస్తున్నావా విద్య," అని నవ్వబోయి మేడం ఏడ్చేశారు. తగ్గిందనుకున్న క్యాన్సర్ తిరగబెట్టిందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఆ సాయంత్రమే తూంకుంట వెళ్ళాను. ఆవిడ తన కూతురికి ఆ మాట చెప్తున్నంతసేపూ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

మేడం ఇప్పుడు లేరు. ఎవరైనా బాగున్నానంటే నేను వెంటనే ముందుకు పోను, కాసేపు ఊరుకుంటాను. నన్నడిగితే మాత్రం అందరిలాగే బాగున్నాననే అంటాను. అని, అవతలివాళ్ళు కూడా కాస్త ఆగుతారేమోనని ఫోన్ పెట్టకుండా చూస్తాను.