ఆగి చదివిన పిల్ల

నా చిన్నప్పుడు, పెద్దేముల్ దగ్గరి మా ఊరి చర్చిలో ఆదివారం వాక్యం చదివే పని నాది. మా సంఘంలో బాగా చదవగలిగిన పిల్లను నేనొక్కదాన్నే. ఎక్కడా ఆగకుండా, ఒక్క తప్పు లేకుండా చదివేదాన్ని. చదవడం అయ్యాక తలెత్తి ఎవరెవరు నన్ను చూస్తున్నారో చూసుకునేదాన్ని. దాన్నే భక్తి అనుకున్నాను.

ఒక ఏడు కొడంగల్ వైపు నుంచి ఒక కుటుంబం నాపరాళ్ల గనిలో పనికి వచ్చింది. వాళ్ల పిల్లది నా వయసే. పాస్టరుగారు ఒక ఆదివారం నాకు, ఒక ఆదివారం ఆమెకు వంతు పెట్టారు. ఆమె వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేది. తడబడిన చోటల్లా పక్కవాళ్లకు వినబడేలా నేను నవ్వేదాన్ని. అయినా క్రిస్మస్ నాటి వాక్యం ఆమెకే ఇచ్చారు. ఆ వారమంతా మోకాళ్ల మీద ఒకటే ప్రార్థన చేశాను, ఆ పిల్ల గొంతు పోవాలని.

మా నాయనమ్మకు అక్షరం రాదు. చర్చిలో వెనక చాప మీద, తనలాంటి ఆడవాళ్లతో కూర్చునేది. క్రిస్మస్ ముందు ఒకరోజు కంది కోస్తూ తనలో తాను ఏదో చెప్పుకుంటోంది. చెవి పెట్టి విన్నాను. పోయిన ఆదివారం ఆ పిల్ల చదివిన వాక్యం, ఒక్క మాట పోకుండా.

"మరి నేను సదివింది చెప్పు" అన్నాను.

నాయనమ్మ కొడవలి ఆపింది. "నీదేడ యాదికుంటది బిడ్డా? తాండూరుల ఆగని రైలు లెక్క పోతవు. మేం ఎక్కకముందే ఆమెన్ అంటవు."

పక్క సాలులో కోస్తున్నామె నవ్వింది. "గా పిల్ల పాసింజర్ బండి. మేమందరం ఎక్కుతం."

"దానికి సదువే రాదు!" అన్నాను ఏడుపు గొంతుతో.

"మాకు సుత రాదు గద బిడ్డా" అంది నాయనమ్మ.

చదవలేరు కనుక వాళ్లు ఆదివారం విన్నదే నోటికి పట్టుకుని, వారమంతా చేలల్లో చెప్పుకునేవారు. ఆ పిల్ల ఆగిన చోటల్లా ఆ మాటను మెల్లగా పలికేవారు. ముందు వరసలో కూర్చునే నాకు అది ఎన్నడూ వినబడలేదు.

క్రిస్మస్ నాడు నాయనమ్మ నన్ను తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల చదువుతుంటే చుట్టూ అందరూ ఒక్కో మాటా అందుకున్నారు. నేను చాలాసేపు పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. చివరికి నా నోరూ కదిలింది.

అసూయ ఆ రోజే పోయిందని చెప్పను. మెల్లగా పోయింది. ఎన్నో ఏళ్లకు, ఇద్దరం స్నేహితులమయ్యాక, నా ప్రార్థన సంగతి ఆమెకు చెప్పాను. "గందుకేనే నాకు గప్పుడు అంత సర్ది అయింది!" అని పడీపడీ నవ్వింది.

పోయిన నెల ఆమె చనిపోయింది. సమాధి దగ్గర వాక్యం చదవమని ఆమె కొడుకు నన్ను అడిగాడు. కళ్లు మసకబారి, వేలు పెట్టి చదవాల్సి వచ్చింది. రెండుచోట్ల తడబడ్డాను. సిగ్గనిపించలేదు. వెనక నుంచి ఆడవాళ్లు నా మాట అందుకున్నారు. వాళ్ల గొంతులు ఆగేదాకా ఆగి, తర్వాతి మాట చదివాను.