నాన్న భుజం మీది గడ్డ

మా నాన్న కుడి భుజం వెనక ఒక గడ్డ ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే అది నిమ్మకాయంత ఉంది. పులికాట్ సరస్సులో పట్టిన చేపల్ని నాన్న రేవు నుంచి రోడ్డు దాకా కావడిలో మోసేవాడు. కావడి బద్ద ఒరుసుకునే చోట కాయ కాయడం మా వాళ్లకు మామూలే కాబట్టి, ఇదీ అలాంటిదేనని ఊరంతా తీర్మానించేసింది. కాయ తగ్గాలంటే భుజం మార్చాలి. నాన్న కావడిని ఎడమ భుజానికి మార్చి, అది అణిగిపోతుందని ఇరవై ఏళ్లు ఎదురుచూశాడు. అంత ఓపిక మా మీద ఒక్కరోజైనా చూపించలేదు.

ఖాళీ అయిన కుడి భుజం నాకు దక్కింది. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున ఊళ్లో వాళ్లంతా సరస్సు గట్టుకు చేరేవాళ్లు. నాన్న నన్ను ఆ భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు. నేను చెయ్యి వెనక్కి వేసి గడ్డను పట్టుకునేదాన్ని. నా పిడికిట్లో సరిగ్గా ఇమిడేది. వెచ్చగా ఉండేది. రాకెట్ కనిపించిన కాసేపటికి దాని చప్పుడు నీళ్ల మీదుగా వచ్చేది, గుండెలదిరేవి. అప్పుడు ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని.

"నువ్వట్టా పట్టుకోని యాలాడబట్టే అది పెరగతా ఉండాది" అని మా మేనత్త ఏడిపించేది. ఆవిడ సరదాకే అంది. నేను మాత్రం నమ్మాను.

నేను నెల్లూరులో ఉద్యోగంలో చేరేనాటికి గడ్డ కొబ్బరికాయంత అయింది. నాన్న దాని మీద ఎప్పుడూ తువ్వాలు కప్పుకునేవాడు. వెల్లకిలా పడుకోలేకపోయేవాడు. చివరికి పోట్లాడి స్కానింగ్‌కు తీసుకెళ్లాను. ఆటోలో దారంతా నా మనసులో ఉన్నది క్యాన్సర్ అనే మాట. ఆయన మనసులోనూ అదే ఉందని నాకు తెలుసు.

స్కానింగ్ డాక్టరమ్మ ముందు నాన్న తువ్వాలు తియ్యనని మొండికేశాడు. నేనే లాగేశాను. ఆవిడ చల్లటి జిగురు రాసి, స్కానింగ్ పరికరంతో మెల్లగా అద్దుతూ స్క్రీన్ చూసింది. నాన్న కూడా మెడ తిప్పి చూసి, "గుడ్లుండే చేప పొట్ట కోస్తే లోపల ఇట్టనే ఉంటాది గదమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"చర్మం రోజూ పైపొర రాలుస్తుంది పెద్దాయనా. నీకు ఆ పొట్టు బయటికి పోకుండా లోపల సంచిలో చేరుతోంది. లోపల రక్తం పారుతున్నట్టు కనపడటం లేదు, అది మంచిదే. కానీ ఇంత పెద్దది కాబట్టి ఎంఆర్ఐ తీద్దాం. కండలోకి దిగిందేమో చూడాలి."

నేనిక ఆగలేక అడిగేశాను. "చిన్నప్పుడు దీన్ని పట్టుకుని వేలాడేదాన్ని మేడమ్. అందుకే పెరిగిందా?"

"పట్టుకుంటే పెరగదమ్మా" అందావిడ, నా వైపు చూడకుండానే. ఇన్నేళ్ల భారం ఒక్క మాటతో దిగిపోయింది. నాన్న నన్ను వింతగా చూశాడు.

ఎంఆర్ఐ ఫిల్మును డాక్టరమ్మ లోపల లైటు వెలిగే పలకకు తగిలించి, గడ్డకూ కండకూ మధ్య ఒక సన్నటి గీత చూపించింది. ఎక్కడా తెగలేదు. అంటే లోపలికి దిగలేదు. ఆపరేషన్ చేసి తీసిన గడ్డను పరీక్షకు పంపితే, అందులోనూ క్యాన్సర్ లేదనే వచ్చింది. కట్టు విప్పిన రోజు నాన్న చదునైన భుజాన్ని తడుముకుని, ముప్పై ఏళ్ల నన్ను చూసి అన్నాడు. "ఇంక నువ్వు యాడ పట్టుకుంటావు పాపా?"

నవ్వి ఊరుకున్నాను. ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది.

నాన్న పోయి రెండేళ్లయింది. గుండెపోటు, గడ్డకూ దానికీ సంబంధం లేదు. ఆయన లేకుండా నాకు బాగుండదు. అంతకంటే చెప్పడం చేతకాదు. ఉన్న నాలుగు ఫోటోల్లోనూ భుజం మీద తువ్వాలే ఉంది.

మొన్న రాకెట్ లేచిన సాయంత్రం ఊళ్లోనే ఉన్నాను. అందరూ గట్టుకు వెళ్లారు. నేను బీరువా మీది ఎంఆర్ఐ ఫిల్ము దించి కిటికీకి ఆనించాను. ఒకే షీటు మీద వరసగా చిన్న చిన్న బొమ్మలు. తెల్లటి గుండ్రం, దాని కింద ఆ తెగని గీత, ఆ కింద నాన్న భుజం. బొమ్మ చిన్నది కావడంతో గడ్డ మళ్లీ నిమ్మకాయంతే ఉంది. దాని మీద చెయ్యి పెట్టాను. ఫిల్ము చల్లగా, నున్నగా తగిలింది. అంతలో సరస్సు మీదుగా చప్పుడు వచ్చింది. నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. పట్టుకోవడానికి ఏమీ లేదు.