పొట్టి గొలుసు లెక్క

లెక్కల మీద నాకు ప్రేమ పుట్టింది ముప్పై దాటిన తర్వాత. అంతకు ముందు ఉన్నది పగ. మా బడిలో లెక్కలు ఉర్దూలో మొదలై, నేను ఏడో తరగతిలో చదువు మానేసే నాటికి తెలుగులోకి మారాయి. ఎక్కాలు నేర్చుకున్నది ఒక భాషలో, పంతులు అప్పజెప్పమనేది మరో భాషలో. ముసల్లస్ అని బట్టీపట్టిన బొమ్మ ఒకనాడు హఠాత్తుగా త్రిభుజం అయి కూర్చుంది. ఇది మనుషులను ఏడిపించడానికి పెట్టిన చదువని తేల్చేసుకుని, మా నాన్న వెంట జొన్నచేలోకి వెళ్లిపోయాను.

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో ఖలాసీగా చేరాను. క్రేన్ కింద నిలబడి, ఎత్తాల్సిన ఇనుప దిమ్మకు రెండు వైపులా గొలుసులు తగిలించి, చెయ్యి ఊపి పైకి లేపించడం మా పని. పొద్దున షిఫ్టుకు పోతే మూడు గంటలకల్లా బీరంగూడలో ఇంటికి చేరేవాణ్ని.

మా ఇంటి ముందు గదిలో కోస్తా నుంచి వచ్చిన భార్యాభర్తలు కిరాయికి ఉండేవారు. ఆయనకు క్వార్టర్ దొరికి వెళ్లిపోతూ, ఆమె ఇంటర్మీడియెట్ పుస్తకాలు గూట్లోనే వదిలేశారు. పరుగెత్తుకెళ్లి ఇవ్వబోతే ఆమె నవ్వేసింది. "మీరే ఉంచుకోండి అన్నయ్యగారూ. మళ్లీ వాటి మొహం చూడాలంటే నా వల్ల కాదు" అంది.

ఊరికే తిరగేస్తుంటే భౌతికశాస్త్రంలో ఒక బొమ్మ కనిపించింది. పైన ఒక మేకు, దానికి రెండు తాళ్లు, కింద వేలాడుతున్న లాంతరు. ఒక్కో తాడు మీద ఎంత బలం పడుతుందని ప్రశ్న. ఇది మేము రోజూ చేసే పనే కదా! లాంతరుకు బదులు మా దగ్గర రెండు టన్నుల ఇనుము, అంతే తేడా. ఆ ఒక్క పేజీ అర్థం కావాలంటే కొసైన్ తెలియాలి. కొసైన్ తెలియాలంటే నిష్పత్తులు రావాలి. అలా వెనక్కి నడుస్తూ నడుస్తూ, ఎప్పుడో వదిలేసిన ఏడో తరగతి లెక్కల దగ్గరికే వచ్చి ఆగాను. సంగారెడ్డిలో పాత పుస్తకాలు కొన్నాను. వానాకాలమంతా ఇంటికి రాగానే గుట్ట మీది బండరాయి ఎక్కి కూర్చునేవాణ్ని.

మా ఆవిడకు ఇది కొత్త రోగంలా కనిపించింది. "ఎడ్లకు నీళ్లు పెట్టుడు గూడ మర్సిపోతున్నవ్. గా పుస్తకం తాగిపిస్తదా వాటికి?" అనేది. మొదటిసారి నా జవాబు పుస్తకం వెనకాల ఉన్న జవాబుతో కలిసిన రోజున నేను రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. ఆమె మూడోది కూడా వేసింది. అబద్ధమెందుకు, అంత సుఖంగా నేను అంతకు ముందు ఎప్పుడూ లేను. నాకు బుర్ర లేదనుకుని ఇరవై ఏళ్లు బతికాను, ఉందని ఆ రాతి మీద తెలిసింది.

మా గుంపుకు పెద్ద ఉస్తాద్. యాభై దాటిన మనిషి, అక్షరం రాదు, దిమ్మను అరచేత్తో తట్టి బరువు చెప్పేవాడు. క్రేన్ కింద ఎక్కడ నిలబడితే బతుకుతామో నాకు నేర్పింది అతనే. చేను వదిలి వచ్చినవాణ్నని నన్ను పటేలా అని పిలిచేవాడు. మా దగ్గర పొట్టి గొలుసులు, పొడుగు గొలుసులు రెండూ ఉండేవి. పొడుగువి షెడ్డు ఆ చివర కొక్కాలకు వేలాడేవి. అంత దూరం ఎవరు నడుస్తారు? మామూలు దిమ్మలన్నిటికీ పొట్టి గొలుసులే తగిలించేవాళ్లం. అవి ఎక్కువ వాలుగా, దిమ్మను ఆనుకున్నట్టు సాగేవి. పైగా సామాను ఊగదని ఉస్తాద్‌కు అవంటేనే ఇష్టం. మరీ బరువైన దిమ్మ వస్తే మాత్రం అతనే గొణుక్కుంటూ పొడుగు గొలుసు తెప్పించేవాడు. ఎందుకని అడిగితే "గట్లనే" అనేవాడు.

నా విద్య చూపించుకోవాలని నాకు దురద. ఒక మధ్యాహ్నం తిండి వేళ కోణమానిని తీసుకుని, దిమ్మ పై అంచు నుంచి గొలుసు ఎంత లేచిందో కొలిచాను. పొట్టి గొలుసు ముప్పై డిగ్రీలు, పొడుగుది డెబ్బై. సగం బరువును కొసైన్‌తో భాగించాను. రెండు టన్నుల దిమ్మకు పొట్టి గొలుసు మీద టన్నుకు కాస్త ఎక్కువ, పొడుగు గొలుసు మీద దాదాపు మూడు టన్నులు వచ్చింది. "ఉస్తాద్, పొట్టి చైనే మంచిదని పుస్తకం గూడ చెప్తుంది" అని అందరి ముందూ ప్రకటించాను.

అందరూ చప్పట్లు కొట్టారు. ఉస్తాద్ నా వీపు చరిచి, "గిదీ చదువంటే! ఇగ గంత దూరం నడిశేది లేదు" అన్నాడు. ఆ వారమంతా మరీ బరువైన దిమ్మలకు కూడా పొట్టి గొలుసులే వేశాం.

ఆదివారం రాతి మీద కూర్చుని సరదాకి ఇంకో లెక్క చేశాను. గొలుసు నిట్టనిలువుగా ఉంటే ఎంత? కోణం తొంభై, దాని కొసైన్ సున్న. సున్నతో భాగిస్తే బరువుకు అంతే లేదు. నవ్వొచ్చింది. మా బావిలో బొక్కెన తాడు రోజూ నిలువుగానే వేలాడుతుంది, దానికేమీ కావడం లేదే! నవ్వు అక్కడే ఆగిపోయింది. లాంతరు బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాను. మేకు నుంచి కిందికి ఒక చుక్కల గీత ఉంది. కాగితం మడత సరిగ్గా దాని మీదే పడటంతో, గీత కూడా మడతలో భాగమే అనుకున్నాను. కోణం కొలవాల్సింది ఆ నిలువు గీత నుంచి. నేను అడ్డం నుంచి కొలిచాను. సరిచేసి మళ్లీ లెక్క కడితే పొడుగు గొలుసు మీద టన్ను చిల్లర, పొట్టి గొలుసు ఒక్కోదాని మీద రెండు టన్నులు, అంటే దిమ్మ మొత్తం బరువు.

వారం రోజులుగా ఆ గొలుసుల కింద తిరిగింది నా వాళ్లే, తిప్పింది నేనే.

సోమవారం పని మొదలుకాక ముందే చెప్పాను. "ఉస్తాద్, మొన్న నేను చెప్పింది తప్పు. పుస్తకం సక్కగనే ఉంది, నేనే ఉల్టా జూసిన. పొట్టి చైన్లు వద్దు."

గుంపంతా గొల్లున నవ్వింది. ఉస్తాద్ నవ్వలేదు, విసుక్కున్నాడు. "మొన్నొక తీరు, నేడొక తీరు. రేపేం చెప్తవ్ పటేలా? పనిల పరేషాన్ చేయకు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది, కానీ కోపం ఎవరి మీద చూపించను? కాగితం తీస్తే ఎవరూ నమ్మరు. ఇసుక నింపిన బొక్కెన తెచ్చి, ఒక తాడుకు మధ్యలో కట్టి, ఒక కొస ఉస్తాద్ చేతికిచ్చాను. రెండో కొస నేను పట్టుకున్నాను. దగ్గరగా నిలబడి లేపాం. తేలిగ్గా లేచింది. "ఇగ దూరం జరుగుదాం" అన్నాను. ఒక్కో అడుగు వెనక్కి వేసేకొద్దీ తాడు పొట్టి గొలుసులా వాలిపోయి, అతని భుజాలు ముందుకు వంగాయి. బొక్కెన అదే, ఇసుక అదే. పంతానికి ఇంకా వెనక్కి గుంజాడు. ఇద్దరం ఎంత లాగినా తాడు తిన్నగా కాలేదు.

ఉస్తాద్ బొక్కెన దించి, అరచేతులు చూసుకుని, షెడ్డు ఆ చివరికి నడిచి తనే పొడుగు గొలుసు మోసుకొచ్చాడు. తర్వాత మా పొట్టి గొలుసును నేల మీద పరిచి, అలాంటిదే కొత్తది ఒకటి స్టోరు నుంచి తెప్పించి పక్కన పెట్టాడు. లంకెల సంఖ్య రెండిటికీ ఒకటే. మాది రెండు వేళ్ల మందం ఎక్కువ పొడుగుంది. మధ్యలో ఒక లంకె కోడిగుడ్డులా సాగి, దాని మీద వెంట్రుకంత చీలిక.

ఆ గొలుసును ముక్కలు చేయించారు. సాగిన లంకెను ఉస్తాద్ గుడ్డతో తుడిచి, తిండి వేళ నా దగ్గరికి తెచ్చాడు. "పటేలా, నువ్ తప్పు చెప్పినప్పుడు అందరం నమ్మినం. సరిగ్గ చెప్పినప్పుడు ఒక్కడు నమ్మలే. ఎందుకో ఎరికేనా? తప్పు మాకు పసందుగుండె" అన్నాడు.

తర్వాత ఆ పేజీ చూపించమన్నాడు. అక్షరం రాని మనిషి బొమ్మ మీద వేలు పెట్టి, "గా గీత ఏది?" అని అడిగాడు. మడతలో చూపించాను. బొటనవేలితో ఆ మడతను నాలుగైదు సార్లు రుద్ది చదును చేసి, మళ్లీ లేవకుండా లంకెను దాని మీద పెట్టాడు.

"ఇగ చదువు. నేను వింట" అని పక్కన కూర్చున్నాడు.